వంద మంది కూడా లేని టౌన్‌షిప్‌కి వేరే బోర్డు ఎందుకు?

కౌంటీకృష్ణ:
అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం పడమటి అంచున, సౌత్ డకోటాని ఆనుకుని ట్రావర్స్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది. 2020 జనాభా లెక్కల్లో 3,360 మంది. రాష్ట్రంలోని 87 కౌంటీల్లో ఇదే అట్టడుగు. అందులోనూ చాలామంది వీటన్, బ్రౌన్స్ వ్యాలీ ఊళ్లలోనే ఉంటారు. మిగతాదంతా దాదాపు ఆరు మైళ్లకి ఆరు మైళ్ల గళ్లు, గడికో టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది). ఒక్కోదానికి బోర్డుగా ముగ్గురు సూపర్‌వైజర్లు, ఒక క్లర్కు, ఒక ట్రెజరర్. ఇంతమంది పదవుల్లో ఉండడానికి అక్కడ జనం ఏరీ? కౌంటీలో కలిపేస్తే పోయేదేముంది?

ప్రెయిరీ_పంతులు:
కృష్ణగారూ, మీరు తలలు లెక్కపెడుతున్నారు, బోర్డు చూసేది రోడ్లని. గడికి 36 సెక్షన్లు (సెక్షన్ అంటే చదరపు మైలు), సెక్షన్‌కి 640 ఎకరాలు, అంటే 23,040 ఎకరాలు. సాగుకి వచ్చినవాళ్లకి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం కుటుంబానికి 160 ఎకరాలు అనుకుంటే 144 పొలాలు పట్టే చోటు (16, 36 సెక్షన్లు బడుల కోసం పక్కన పెట్టారు, అవి తీసేసినా 136). ఇప్పుడు ఒక్కో కుటుంబం రెండు మూడు వేల ఎకరాలు చేస్తే ఆ గడి మొత్తానికి పది ఇళ్లు చాలు. జనం పోయారు కానీ మైలుకొకటి చొప్పున వేసిన కంకర రోడ్లు ఎక్కడికీ పోలేదు, పైగా అప్పట్లో గుర్రబ్బండి వెళ్లిన దారిలో ఇప్పుడు షుగర్‌బీట్ (చక్కెర దుంప) నింపుకున్న లారీలు వెళ్తున్నాయి.

ఇంకోటి, అక్కడ నేల బల్లపరుపు, పూర్వం అగాసీ అనే మహా సరస్సు అడుగు. ట్రావర్స్ సరస్సు నీళ్లు ఉత్తరానికి పోయి కెనడాలోని హడ్సన్ బే చేరతాయి, బ్రౌన్స్ వ్యాలీకి అవతల బిగ్ స్టోన్ సరస్సు నీళ్లు దక్షిణానికి దిగి మిసిసిపీలో కలుస్తాయి. ఉత్తరానికి పారే నదితో వసంతంలో చిక్కేమిటంటే, ఎగువన మంచు కరిగేసరికి దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీళ్లు వెనక్కి తన్ని పొలాల్లోకి ఎక్కుతాయి. ఏ తూము పూడిందో, ఏ రోడ్డు కోసుకుపోయిందో ముందు తెలిసేది ఆ పక్కన దున్నేవాడికే.

మంచుబాబు:
జనాభా అంకె పట్టుకుని బోర్డులు తీసేద్దాం అనేవాళ్లకి ఒక మాట. 2020 లెక్కల్లో వ్యక్తుల వివరాలు బయటపడకుండా చిన్న ప్రాంతాల అంకెలని కావాలనే కాస్త అటూ ఇటూ మార్చారు. జనాభాకి సంబంధించి మార్చకుండా వదిలింది రాష్ట్ర మొత్తాన్నే. నెబ్రాస్కా రాష్ట్రంలో మొనోవై అనే ఊరు ఉంది, అప్పుడు ఉండేది ఒక్కరు, లెక్కల్లో ఇద్దరు పడ్డారు. ఒక టౌన్‌షిప్‌లో 62 అని చూపిస్తే 55 కావచ్చు, 70 కావచ్చు. దీని మీద గీత గీస్తారా?

కౌంటీకృష్ణ:
55 అయినా 70 అయినా నా ప్రశ్న మారదు కదా బ్రదర్! పంతులుగారు చెప్పిన తూము సంగతి నిజమే, కానీ దాన్ని బాగుచేసేది ఎవరు? చాలా టౌన్‌షిప్‌లకి గ్రేడర్ (రోడ్డు చదును చేసే యంత్రం) కూడా ఉండదు, కౌంటీకో కాంట్రాక్టరుకో డబ్బిచ్చి చేయించుకుంటాయి. ఫోన్ చేసి చెప్పడానికి బోర్డు కావాలా?

హైవే75:
తెలంగాణలో 2018లో తండాలని కూడా పంచాయతీలు చేశారు, చిన్నదైతే తప్పేంటి?

కౌంటీకృష్ణ:
తండాలో జనం ఉన్నారు సార్, అడిగారు, ఇచ్చారు. ఇక్కడ పోటీ చేసేవాడు దొరకడం లేదు.

ప్రెయిరీ_పంతులు:
దొరక్కపోవచ్చు. అయినా మార్చి రెండో మంగళవారం జరిగే టౌన్‌షిప్ వార్షిక సభలో కూర్చున్నవాళ్లే చేతులెత్తి ఈ ఏడాది పన్ను ఎంతో తేలుస్తారు. కౌంటీలో కలిపితే ఆ చేయి ఎత్తే హక్కు పోతుంది. కలుపు మొక్కల తనిఖీ, కంచె తగాదా లాంటివి కూడా ఆ సూపర్‌వైజర్లే చూస్తారు, కౌంటీ ఆఫీసులో ఎవరికి తీరిక?

కౌంటీకృష్ణ:
చేయి ఎత్తేది అక్కడ కాపురం ఉన్నవాళ్లే. పొలం అక్కడ, ఇల్లు నార్త్ డకోటాలోని ఫార్గో నగరంలో ఉన్నవాడు పన్ను కడతాడు, ఓటు ఉండదు. నేలలో ఎక్కువ భాగం అలాంటివాళ్ల చేతిలో ఉంటే, మీరు కాపాడుతున్నది ఎవరి హక్కు? కౌంటీ బోర్డునైనా 3,360 మందికి జవాబు చెప్పమని అడగొచ్చు.

ప్రెయిరీ_పంతులు:
ఫార్గో ఆయనకి కౌంటీలో మాత్రం ఓటుందా ఏంటి?