అమెరికా సంబంధం: అబ్బాయికి చెప్పకుండా విడాకుల ఫైలు కోర్టు నుంచి తీయించవచ్చా?

తెనాలి అన్నయ్య:
అందరికీ నమస్కారం. మా చెల్లికి రెండో సంబంధం చూస్తున్నాం. తన విడాకులు ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో అయ్యాయి. ఆ కాగితాలన్నీ అడగకముందే అబ్బాయి వాళ్లకు ఇచ్చాం. అబ్బాయి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు, ఆయనకూ ఇది రెండోదే. మొదటి పెళ్లి హైదరాబాద్‌లో హిందూ సంప్రదాయంలో జరిగింది, విడాకులు మాత్రం అక్కడి కోర్టులో వచ్చాయన్నారు. కాగితం అడిగితే ఒక పేజీ ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు.

డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు "కౌంటీ కోర్టులో విడాకుల ఫైలు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు, నేను తీసి పంపిస్తా" అంటున్నాడు. అమ్మ వెంటనే తీయించమంటోంది. నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఆ మనిషికి చెప్పకుండా ఆయన పాత కాపురం గొడవలు చదవడం మర్యాద కాదంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

ప్లేనో శారద:
ఇక్కడ ఫ్యామిలీ లా ఆఫీసులో పని చేస్తాను కాబట్టి ముందు కాగితాల సంగతి చెబుతాను. మీకు వచ్చిన ఒక పేజీ ఉత్తరం బహుశా టెక్సస్ ఆరోగ్య శాఖ ఇచ్చే వెరిఫికేషన్ లెటర్. 1968 నుంచి నమోదైన విడాకులకు 20 డాలర్లు కడితే ఇస్తారు. ఫలానా ఇద్దరికి ఫలానా తేదీన ఫలానా కౌంటీలో విడాకులు నమోదయ్యాయి అన్నంతవరకే అందులో ఉంటుంది. డిక్రీ అంటే జడ్జి సంతకం చేసిన తీర్పు. దాని సర్టిఫైడ్ కాపీ ఇచ్చేది కేసు నడిచిన కౌంటీలోని డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసు. కౌంటీ క్లర్క్ అని ఇంకో ఆఫీసు ఉంటుంది, పెళ్లి లైసెన్సులు వాళ్లు చూస్తారు. అక్కడికి వెళ్లి అడిగి "మా దగ్గర లేదు" అనిపించుకుని, కేసే లేదనుకునే వాళ్లు చాలామంది.

ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కాలిన్ రికార్డులు మెకిన్నీలో, డెంటన్ కౌంటీవి డెంటన్ ఊళ్లో. పైగా టెక్సస్‌లో విడాకుల కేసు వేయాలంటే భార్యాభర్తల్లో ఎవరో ఒకరు రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉంటే చాలు. అంటే కేసు ఆయన మాజీ భార్య ఉన్న చోట వేసి ఉండవచ్చు. ఆయన ఇప్పటి చిరునామా పట్టుకుని వెతికితే లాభం ఉండదు. ఉత్తరంలో కౌంటీ పేరు ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ముందు వచ్చిందో వెనక వచ్చిందో, పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే ఇక్కడి కాగితాల్లో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడిందో చెప్పలేం. భర్త పేరు, భార్య పేరు రెండింటితోనూ, అన్ని రకాల స్పెల్లింగులతోనూ వెతకాలి. కాజ్ నంబరు, అంటే కోర్టు కేసు నంబరు, దొరికితే ఈ బాధ ఉండదు.

ఒక్క హెచ్చరిక. జాబితాలో కేసు కనిపించినంత మాత్రాన విడాకులు అయినట్లు కాదు. వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నవి, ఎవరూ పట్టించుకోక కోర్టు కొట్టేసినవి కూడా అదే జాబితాలో ఉంటాయి. అలాంటి కేసుల్లో ఆ ఇద్దరూ చట్టం ప్రకారం ఇంకా భార్యాభర్తలే. సంతకమైన ఫైనల్ డిక్రీ ఉందా లేదా అన్నదే చూడాలి.

హనుమకొండ సుధాకర్:
అన్నయ్యా, ఇందులో ఆలోచించేది ఏముంది? ఆడపిల్లను ఏడు సముద్రాల అవతలికి పంపుతున్నారు. అక్కడ ఆమెకు ఉద్యోగం ఉండదు, వీసా ఆయన మీద ఆధారపడి ఉంటుంది, పక్కింట్లో మనవాళ్లు ఉండరు. పూర్వం సంబంధం చూస్తే ఆ ఊరికి వెళ్లి చాకలి దగ్గరి నుంచి కరణం దాకా వాకబు చేసేవాళ్లు. అబ్బాయి అనుమతి అడిగి చేశారా? అమెరికాలో అలా అడగడానికి ఊరు లేదు, కోర్టు ఫైలు ఒక్కటే ఉంది. దాన్ని కూడా చూడొద్దంటే ఇంక దేన్ని నమ్మి పిల్లనిస్తారు? నాన్నగారి మర్యాద మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ మర్యాద ఖరీదు కట్టేది మీ చెల్లి.

నివేదిత, ఆస్టిన్:
నా విడాకుల ఫైలు ఇలాగే ఎవరో తీయించారు. అందుకే రాస్తున్నాను.

ఫైలులో ఏముంటుందో చాలామందికి తెలియదు. పిటిషన్‌లో ఒక పక్షం లాయరు రాసిన మాటలు ఉంటాయి. అవి నిజమో కాదో ఎవరూ తేల్చరు, ఎందుకంటే ఎక్కువ కేసులు విచారణ దాకా వెళ్లకుండా మధ్యలోనే ఒప్పందంతో ముగుస్తాయి. ఆరోపణ మాత్రం ఫైలులో శాశ్వతంగా ఉండిపోతుంది. నా మీద రాసినవి చదివి ఒక కుటుంబం నా గురించి ఒక నిర్ణయానికి వచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. "జాతకాలు కలవలేదు" అని చెప్పారు, అసలు సంగతి తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

డిక్రీలో పిల్లల పేర్లు ఉంటాయి, వాళ్లు ఏ వారాంతం ఎవరి దగ్గర ఉంటారో ఉంటుంది, ఇల్లు ఎవరికి, అప్పు ఎవరికి అన్నది ఉంటుంది. అందులో సగం ఆయన మాజీ భార్య జీవితం. మీకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. ఆమె కాగితాలు తెనాలిలో మీ బంధువుల ఫోన్లలో తిరగాలా?

ఇంకొకటి. మీ చెల్లి ఫైలును వాళ్లు ఇలా తీయగలరా? హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం మన దగ్గర ఈ కేసుల విచారణ గోప్యంగానే జరగాలి, వివరాలు ప్రచురించడం నేరం. మీకు ఉన్న రక్షణ ఆయనకు లేదని దాన్ని వాడుకోవడం న్యాయమేనా?

సికింద్రాబాద్ వకీలు:
నివేదిత గారు చెప్పిన 22వ సెక్షన్ సరైనదే. ఆమె బాధ కూడా అర్థమైంది. కానీ ఈ కేసులో నేను ఫైలు చూడమనే చెబుతాను, అదీ డిక్రీతో ఆగకుండా. కారణం ఆరోపణలు చదవడానికి కాదు.

మొదటి పెళ్లి హైదరాబాద్‌లో హిందూ చట్టం కింద జరిగింది. విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ ఎప్పుడు చెల్లుతాయో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసూ మనవాళ్లదే. పెళ్లి 1975లో తిరుపతిలో జరిగింది. భర్త మిస్సౌరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీలోని సర్క్యూట్ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. భార్య ఆ కోర్టుకు అధికారం లేదని అభ్యంతరం చెబుతూ జవాబు పంపింది, కానీ కేసు నడపలేదు. ఆయన తర్వాత యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరం కింద ఫిర్యాదు చేసింది. మిస్సౌరీ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తీర్పు ప్రకారం, ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణంతో విడాకులు ఇవ్వాలి. దీనికి మినహాయింపులు ఉన్నాయి. రెండో పక్షం స్థిరంగా ఉండే చోటే కేసు వేసి, పెళ్లి జరిగిన చట్టంలో ఉన్న కారణంతోనే విడాకులు ఇచ్చినా, లేదా అలాంటి కారణంతో వేసిన కేసులో వాళ్లు తమంతట తాము ఆ కోర్టుకు వచ్చి వాదించినా, లేదా విడాకులకు ఒప్పుకున్నా చెల్లుతుంది. టెక్సస్‌లో ఎక్కువ మంది వేసే కారణం "ఇక కలిసి బతకలేం" అన్నది. అదొక్కటే మన చట్టంలో విడాకులకు కారణం కాదు. కాబట్టి ఆయన మొదటి భార్య పాత్ర ఏమిటన్నదే ప్రశ్న: సంతకం చేసి ఒప్పుకుందా, లాయరును పెట్టుకుందా, లేక ఇండియాలో ఉండగా ఆమె రాకుండానే ఎక్స్‌పార్టీగా ఇచ్చేశారా? వెరిఫికేషన్ లెటర్‌లో ఇది ఉండదు. ఎక్స్‌పార్టీ అయితే, పెళ్లి అయ్యాక మీ చెల్లి పెళ్లే చెల్లదని ఆయన మొదటి భార్య కోర్టుకు వెళ్లవచ్చు.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. డిక్రీ ఫొటోస్టాట్ కాపీ మాత్రమే పెట్టారు, సాక్ష్య చట్టం అడిగే ధ్రువీకరణ దానికి లేదు, అందుకే దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోలేదు. మీకు వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అంతకంటే తక్కువ. సర్టిఫైడ్ కాపీ కావాలి, దాని మీద టెక్సస్ రాష్ట్రం అపోస్టిల్ ముద్ర (వేరే దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ) ఉంటే ఇంకా మంచిది. రేపు వీసా కాగితాలకు కూడా పాత పెళ్లి ముగిసినట్లు డిక్రీ అడుగుతారు, ఎలాగూ అవసరమే.

బే ఏరియా వెంకట్:
"ఎవరైనా తీసుకోవచ్చు" అన్నది అమెరికా అంతటా ఒకేలా ఉండదు. కాలిఫోర్నియాలో ఫైలు బహిరంగమే, కానీ ఫ్యామిలీ కేసుల కాగితాలను బయటివాళ్లు ఆన్‌లైన్‌లో తెరవలేరు, కోర్టుకు వెళ్లి చూడాలి. న్యూయార్క్‌లో అయితే ఆ ఇద్దరూ, వాళ్ల లాయర్లూ తప్ప ఎవరూ చూడలేరు. బయటివాళ్లకు కోర్టు ఉత్తర్వు కావాలి. 100 ఏళ్ల దాకా అంతే. అంటే ఒకే విషయం మీద ఒక రాష్ట్రం తలుపు తీసింది, ఇంకో రాష్ట్రం మూసింది. "చట్టం ఒప్పుకుంది కాబట్టి మర్యాదే" అనే వాదన నాకు అందుకే నచ్చదు. సుధాకర్ గారూ, అబ్బాయి న్యూయార్క్‌లో ఉండి ఉంటే మీరేం చేసేవారు? ఆయన్నే అడిగేవారు కదా. టెక్సస్‌లో ఉన్నవాణ్ణి కూడా అలాగే అడగండి.

హనుమకొండ సుధాకర్:
అడిగితే ఇచ్చేవాడు ఒక పేజీ ఉత్తరం ఫొటోతో ఎందుకు సరిపెట్టాడు వెంకట్ గారూ? నివేదిత గారితో నాకు తగవు లేదు, ఆమెకు జరిగింది తప్పే. కానీ ఫైలులో ఉండేవి లాయరు రాతలు ఒక్కటే కాదు. కొట్టాడని జడ్జి విచారించి ప్రొటెక్టివ్ ఆర్డర్ (ఆమె జోలికి వెళ్లొద్దనే ఉత్తర్వు) ఇచ్చి ఉంటే అది ఆరోపణ కాదు, కోర్టు తేల్చిన సంగతి. అలాంటిది ఉన్నవాడు తనంతట తాను తెచ్చి చేతిలో పెడతాడా? మా బంధువుల్లో ఒక పిల్లకు ఇలాగే జరిగింది, పెళ్లయ్యాకే తెలిసింది. అంతకుమించి ఇక్కడ రాయలేను.

నివేదిత, ఆస్టిన్:
సుధాకర్ గారూ, ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉందేమో చూడమంటే నేనూ ఒప్పుకుంటాను. కొట్టేవాడి దగ్గరికి ఇంకో ఆడపిల్ల వెళ్లకూడదు. కానీ అందుకు దొంగచాటు ఎందుకు? "మీ కేసు నంబరు ఇవ్వండి, డిక్రీ, మీ మాజీ భార్య సంతకం పెట్టిన కాగితం, ఏమైనా ఉత్తర్వులు ఉంటే అవి, మావాళ్లు కోర్టు నుంచే తెచ్చుకుంటారు" అని ముఖం మీద చెప్పండి. తప్పు లేనివాడు ఇస్తాడు. ఇవ్వనివాడి సంగతి మీకు అక్కడే తెలిసిపోతుంది, ఒక్క పేజీ చదవకుండానే.

ఇంకొక్కటే నా మనవి. చదివేది ఆ అమ్మాయి. అన్న, మేనమామ, పెదనాన్న కొడుకు కాదు. ఇంతమంది ఇన్ని మాటలు రాశాం, ఆమె ఏం కోరుకుంటోందో ఎవరూ అడగలేదు.

ప్లేనో శారద:
నివేదిత గారు చెప్పినట్లు చేస్తే పని కూడా సులువు. కాజ్ నంబరు చేతిలో ఉంటే క్లర్క్ ఆఫీసుకు పేర్లతో వెతికించే అవసరం లేదు. ఆయన ఇచ్చిన నకలు కాకుండా సర్టిఫైడ్ కాపీ మీరే నేరుగా తెప్పించుకోండి, ముద్ర చూసుకోండి. అందులో ముందు చూడాల్సింది చివరి పేజీలో జడ్జి సంతకం, తేదీ. టెక్సస్‌లో డిక్రీ వచ్చిన 31వ రోజుకు ముందు మూడో మనిషిని పెళ్లి చేసుకోకూడదు, కోర్టు మినహాయింపు ఇస్తే తప్ప. తర్వాత ఆయన మాజీ భార్య "వేవర్" (కోర్టు నోటీసు అందించనక్కర్లేదనే కాగితం) మీద సంతకం చేసిందా, "ఆన్సర్" (జవాబు) దాఖలు చేసిందా, లేక "డిఫాల్ట్" (ఆమె జవాబివ్వకుండానే తీర్పు) అని ఉందా చూడండి. వకీలు గారు అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది.

ప్రొటెక్టివ్ ఆర్డర్ మాత్రం వేరే నంబరుతో, వేరే కేసుగా ఉండవచ్చు. విడాకుల ఫైలులో కనిపించలేదు కదా అని లేదనుకోవద్దు. ఆయన పేరు మీద విడిగా వెతకమని అడగాలి. డబ్బు కట్టించుకుని "బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టు" ఇచ్చే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి. ఒకే పేరున్న ఇద్దరు రెడ్డిగార్లను, ఇద్దరు రావుగార్లను అవి కలిపేస్తాయి.

తెనాలి అన్నయ్య:
అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం మళ్లీ చూశాం, కౌంటీ డెంటన్ అని ఉంది, మేమంతా కాలిన్ అనుకుంటున్నాం. చెల్లిని కూర్చోబెట్టి ఈ చర్చ మొత్తం చదివించాను. తను ఆయనతోనే మాట్లాడతానంది. కేసు నంబరు అడుగుతానని, ఆయన మాజీ భార్య ఒప్పుకుని సంతకం పెట్టిందో లేదో చూస్తానని, పోలీసు, ప్రొటెక్టివ్ ఆర్డర్ లాంటివి ఉన్నాయా అని కూడా సూటిగా అడుగుతానని చెప్పింది. ఆయన నంబరు ఇవ్వకపోతే అక్కడితో ఆపేద్దామంది. ఇచ్చినా డాలస్ అన్నయ్య వాళ్లు డెంటన్ నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించాకే ముహూర్తం మాట. నాన్నగారికి ఇది సమ్మతమే. అమ్మ మాత్రం ఆయన్ని అడిగే లోపే ఫైలు తెప్పించమంటోంది. అడిగి జాగ్రత్తపడే అవకాశం ఇస్తున్నామని ఆమె భయం.

హనుమకొండ సుధాకర్:
అమ్మగారి భయంలో అర్థం ఉంది, కానీ కోర్టు ఫైలును ఆయన మార్చలేడు కదా. మీ చెల్లి దారే సరైంది. ఆయన వైపు నుంచి ఒక ఫోన్ నంబరు కూడా అడగమనండి, ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లది ఎవరిదైనా. వాకబు అన్నది కాగితంతో పూర్తికాదు.

సికింద్రాబాద్ వకీలు:
కాపీ వచ్చాక, ఎక్స్‌పార్టీ అని కనిపిస్తే వెంటనే సంబంధం వదులుకోవాల్సిన పని లేదు. ఆయన మాజీ భార్య ఒప్పుకుంటే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోవచ్చు. సమయం పడుతుంది, కానీ తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు. డిక్రీ చేతికొచ్చాక పేర్లు, నంబరు తీసేసి ఇక్కడ రాయండి, చూస్తాను.