బూడిద లోడు టిప్పర్ ఎయిర్ ఫిల్టర్: గాలి కొట్టించాలా, మార్చాలా?

ప్రశ్న:
వీటీపీఎస్ (విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం) నుంచి గుంటూరు వైపు ఇటుకల యూనిట్లకు బూడిద తోలే పది టైర్ల టిప్పర్. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పుల్లింగ్ లేదు, నల్లపొగ వస్తోంది. ఫిల్టర్ నిండిందని చూపే ఇండికేటర్‌లో ఎర్రగీత పడింది. బయటి ఫిల్టర్‌కి ఇప్పటికే రెండుసార్లు గాలి కొట్టించాం. ఇంకోసారి కొట్టించి నడపొచ్చా? లోపలి చిన్న ఫిల్టర్ కూడా మార్చాలా?

జవాబు 1:
వద్దన్నా, మార్చేయండి. బూడిద మరీ సన్నం, కాగితం మడతల్లో ఇరుక్కుంటే గాలికి పూర్తిగా రాదు. పంక్చర్ షాపు గన్‌తో దగ్గర నుంచి కొడితే కాగితం చిల్లిపడుతుంది, అది కంటికి కనపడదు. కొట్టక తప్పకపోతే గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ లోపు ఉంచి, లోపలి నుంచి బయటికి కొట్టండి. తర్వాత చీకట్లో ఫిల్టర్ లోపల బల్బు పెట్టి చూడండి. సూది మొనంత వెలుతురు వచ్చినా అది పనికిరాదు.

మూత తీసేముందు చుట్టూ తుడవండి. పాతది నెమ్మదిగా తిప్పుతూ లాగాలి. కుదిపితే బూడిదంతా లోపలికి రాలుతుంది. చిన్న ఫిల్టర్ ఇంకా లోపల ఉండగానే ఫిల్టర్ కూర్చునే డబ్బాని తడిగుడ్డతో తుడవండి, గాలి మాత్రం కొట్టొద్దు. సీలు కూర్చునే అంచుని వేలితో తడిమితే గరుకు తగలకూడదు. కొత్తదాన్ని మధ్యలో కాదు, అంచు మీద నొక్కి కూర్చోబెట్టండి.

జవాబు 2:
చిన్న ఫిల్టర్‌ని కడగకూడదు, గాలీ కొట్టకూడదు. మామూలుగా పెద్దది మూడుసార్లు మార్చినప్పుడు ఇది ఒకసారి మారుస్తారు. దాని మీద బూడిద కనిపిస్తే పెద్దది చిరిగినట్టో, సీలు పట్టనట్టో. అప్పుడు రెండూ మార్చాల్సిందే. ఆటోనగర్‌లో కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లి పార్ట్ నంబరు, పొడవు, సీలు మందం పోల్చి చూసుకోండి. రెండు మిల్లీమీటర్లు పొట్టిదైనా మూత పడుతుంది, సీలు మాత్రం పట్టదు.

జవాబు 3:
డబ్బా అడుగున దుమ్ము రాలే రబ్బరు మూతి ఉందో లేదో చూడండి. ఊడిపోతే అక్కడి నుంచే దుమ్ము లాగుతుంది, కొత్త ఫిల్టర్ కూడా త్వరగా నిండుతుంది. బూడిద బండికి రోజూ దాన్ని ఒకసారి నొక్కి వదలాలి.

ప్రశ్న అడిగినవారు:
ఫిల్టర్ నుంచి టర్బోకి (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) వెళ్లే గొట్టంలో వేలు పెడితే బూడిద అంటింది.

జవాబు 1:
అయితే ఇంజిన్ స్టార్ట్ చేయకండన్నా. గొట్టం విప్పి శుభ్రంగా తుడవండి, పగుళ్లు చూసి క్లిప్పులు కొత్తవి వేయండి. టర్బో రెక్కల అంచులు అరిగాయేమో చూపించండి. ఆ బూడిద ఇంజిన్ సిలిండర్ లైనర్‌నీ పిస్టన్ రింగుల్నీ కోస్తుంది. రెండు ఫిల్టర్లూ మార్చి, ఎర్రగీత పోయేలా ఇండికేటర్ బటన్ నొక్కాక నడపండి.