ఇంటి నుంచి పరీక్ష, గదిలో కెమెరా: కొత్తగా వచ్చిన చెల్లెలి ప్రశ్నకు జవాబులు

హనుమకొండ నుంచి ఈ ఆగస్టులో అమెరికా వచ్చిన విద్యార్థిని అడిగినది:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది నయీంనగర్. ఒహాయోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.లో చేరాను. అక్టోబరులో ఒక సబ్జెక్టు మిడ్‌టర్మ్‌ను ఇంటి నుంచే రాయాలని, లాక్‌డౌన్ బ్రౌజర్ (పరీక్ష రాస్తున్నంతసేపూ వేరే పేజీలు తెరవనివ్వని సాఫ్ట్‌వేర్) వేసుకుని, మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్ కెమెరాను గదంతా తిప్పి చూపించాలని సిలబస్ కాగితంలో రాశారు. మేము నలుగురు ఆడపిల్లలం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, గది చూపించడానికి మిగతావాళ్లు ఇష్టపడటం లేదు. నేను కాదంటే కాపీ కొట్టడానికే కాదంటున్నానని ప్రొఫెసర్ అనుకుంటారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

ఖిలా వరంగల్ నుంచి వచ్చి కొలంబస్‌లో స్థిరపడిన అక్క జవాబు:

చెల్లెమ్మా, గదిని చూపించడం ఇష్టం లేదన్నంత మాత్రాన ఎవరూ దొంగలు కారు. అయితే ఆ మాటను ఎప్పుడు, ఎవరికి, ఏ విధంగా చెప్పావన్నదాన్ని బట్టే వాళ్లు నిన్ను అర్థం చేసుకుంటారు. పరీక్షకు చాలా ముందే మెయిల్ రాసి వెసులుబాటు అడిగిన విద్యార్థిని బాధ్యత తెలిసిన మనిషిగా చూస్తారు. లాగిన్ అయ్యాక కెమెరా ముందు అభ్యంతరం చెబితే మాత్రం, నీ పక్షాన ఎంత న్యాయం ఉన్నా వినే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు.

మన దగ్గర పరీక్ష అంటే హాల్ టికెట్ పట్టుకుని సెంటర్‌కు వెళ్లడం. స్క్వాడ్ వస్తే జేబులు వెతుకుతుంది, చిట్టీ దొరికితే మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేస్తుంది, దొరకకపోతే వెళ్లిపోతుంది. ఆ తనిఖీ ఆ హాల్లోనే ముగిసిపోతుంది. ఇక్కడ ఇంటి నుంచి రాసే పరీక్షలో తనిఖీ వీడియోగా మారి ఎక్కడో ఒక కంపెనీ సర్వర్‌లో నిల్వ ఉంటుంది. అందులో నీ ముఖంతో పాటు మంచం మీద ఆరేసిన బట్టలు, బల్ల మీది మందుల సీసా, గోడకు అంటించిన అద్దె కాగితం, అటుగా నడిచిన స్నేహితురాలు కూడా పడతారు. ఆ స్నేహితురాలు ఆ కోర్సులో చేరలేదు, ఏ నిబంధనకూ ఒప్పుకోలేదు. అందుకే ఆమె అభ్యంతరం సబబైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. ప్రాక్టర్‌యూ అనే పరీక్షల పర్యవేక్షణ సంస్థ నుంచి 2020లో సుమారు 4,44,000 మంది ఖాతాల వివరాలు బయటికి పొక్కాయి. కనుక ఇలాంటి ఖాతా తెరవమంటే బ్యాంకుకో మెయిల్‌కో వాడే పాస్‌వర్డ్‌ను దానికి పెట్టవద్దు. గుర్తింపు కోసం పాస్‌పోర్ట్ చూపించమన్నా, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐడీ కార్డు సరిపోతుందా అని ముందు అడుగు, చాలాచోట్ల సరిపోతుంది.

నువ్వు ఒహాయోలోనే ఉన్నావు కనుక తెలిసి ఉండవలసిన సంగతి ఒకటుంది. క్లీవ్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీలో ఒక కెమిస్ట్రీ విద్యార్థి, పరీక్షకు ముందు తన పడకగదిని కెమెరాతో చూపించమనడం అన్యాయమని దావా వేస్తే, 2022 ఆగస్టులో అక్కడి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం అది అకారణ సోదాల నుంచి రక్షణ ఇచ్చే అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణకు విరుద్ధమైన సోదా అని తీర్పు చెప్పింది. ఆ సవరణ ప్రభుత్వాన్నీ ప్రభుత్వ సంస్థలనూ కట్టడి చేస్తుంది, ప్రైవేటు విశ్వవిద్యాలయాలను కాదు. పైగా అది ఒక విద్యార్థి ఫిర్యాదు మీద కింది కోర్టు ఇచ్చిన తీర్పు. మెయిల్‌లో దాన్ని కత్తిలా దూయవద్దు. నువ్వు అడుగుతున్నది వింత కోరిక కాదన్న ధైర్యం నీకు కలిగితే చాలు.

మెయిల్‌లో నువ్వు రాయవలసింది ఇంతే: నలుగురం ఒకే ఇంట్లో ఉంటున్నాం, గదిని చూపిస్తే మిగతావారి వ్యక్తిగత జీవితం రికార్డవుతుంది, కనుక ఈ పరీక్షను టెస్టింగ్ సెంటర్‌లోనో డిపార్ట్‌మెంట్‌లోనో ఇన్విజిలేటర్ ఎదుట రాసే అవకాశం ఇవ్వగలరా అని. మనిషి ఎదురుగా కూర్చుని రాస్తానంటున్న విద్యార్థిని కాపీ కోసం తప్పించుకుంటోందని ఎవరూ అనలేరు. ఆ వీలు లేదంటే లైబ్రరీలో స్టడీ రూమ్ బుక్ చేసుకుంటానని చెప్పు. అక్కడ నాలుగు గోడలు, బల్ల తప్ప చూపించడానికేమీ ఉండదు. చాలా లైబ్రరీలు ల్యాప్‌టాప్‌లు కూడా అరువిస్తాయి, కనుక ఆ సాఫ్ట్‌వేర్‌ను నీ సొంత యంత్రంలో వేసుకోవలసిన అవసరమే రాకపోవచ్చు. వీడియోను ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో కూడా అదే మెయిల్‌లో అడుగు. నీ విద్యా రికార్డులను చూపించమని కోరే హక్కును విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం నీకు ఇచ్చింది, కోరిన 45 రోజుల్లోగా వాళ్లు చూపించాలి.

ఇక కాపీ సంగతి. మన వాట్సాప్ గ్రూపుల్లోకి "మీ బదులు పరీక్ష మేము రాస్తాం" అనే సందేశాలు వస్తుంటాయి. సీనియర్లు చాలామంది అలాగే గట్టెక్కారని ఎవరైనా చెప్పినా నమ్మి ఆ వైపు వెళ్లవద్దని అక్కగా బతిమాలుతున్నాను. వాళ్ల చేతికి నీ లాగిన్, నీ ఐడీ కార్డు ప్రతి వెళ్లాక, మీ విశ్వవిద్యాలయానికి చెప్పేస్తామని బెదిరించి డబ్బు గుంజే అవకాశం వాళ్ల చేతుల్లో ఉంటుంది. మన దగ్గర డిబార్ అయితే ఏడాది పోతుంది. మనలా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారిని ఇక్కడ సస్పెండ్ చేస్తే సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల గురించి ప్రభుత్వం ఉంచే నమోదు) రద్దయి దేశం విడిచి వెళ్లవలసి రావచ్చు. పరీక్ష జరుగుతుండగా క్లాస్‌మేట్స్ గ్రూపులో ఎవరో ఒక ప్రశ్న పెడితే, నువ్వు జవాబు ఇవ్వకపోయినా ఆ గ్రూపులో నీ పేరు ఉండటమే విచారణకు దారి తీయవచ్చు. పరీక్ష ముందు రోజే అలాంటి గ్రూపుల నుంచి బయటికి రా.

కాజీపేట నుంచి వచ్చి టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్న అన్న జవాబు:

అక్క చెప్పినదానికి అటువైపు నుంచి రెండు మాటలు జోడిస్తాను, ఎందుకంటే ఆ వీడియోలు చూసే పని నాది. సాఫ్ట్‌వేర్ ఎవరినీ దోషిగా తేల్చదు, అనుమానం ఉన్నచోట జెండా మాత్రమే పెడుతుంది. చూపు పక్కకు మళ్లినా, ముఖం ఫ్రేములోంచి తప్పినా, గదిలో రెండో గొంతు వినిపించినా జెండా పడుతుంది. లెక్క చేస్తూ పెదవులు కదిపే అలవాటు మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఉంటుంది, అది ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. వెలుతురు వెనక నుంచి కాకుండా ముఖం మీద పడేలా కూర్చో. మసక వెలుతురులో మన మేనిఛాయ ముఖాలను ఈ కెమెరాలు తరచుగా పోల్చుకోలేకపోవడం నేను చూస్తున్నాను, ఆ లోపానికి విద్యార్థి మూల్యం చెల్లించడం నాకు బాధ కలిగిస్తుంది. పొద్దున పదింటికి పరీక్ష ఉంటే అక్టోబరులో మనింట్లో రాత్రి ఏడున్నర, అమ్మానాన్నలు ఫోన్ చేసే వేళ. వాళ్లకు ముందే చెప్పి ఉంచు.

అంతకన్నా ముఖ్యమైనది లాగ్‌ల విషయం, అంటే ఎవరు ఏ పేజీని ఎప్పుడు తెరిచారో కంప్యూటర్ రాసుకునే నమోదులు. డార్ట్‌మత్ వైద్య కళాశాలలో 2021లో కాన్వాస్ (పాఠాలు, పరీక్షలు ఉంచే వెబ్‌సైట్) లాగ్‌ల ఆధారంగా 17 మంది విద్యార్థులు కాపీ కొట్టారని ఆరోపించారు. విద్యార్థుల ఫోన్లు, ట్యాబ్‌లు ఎవరూ ముట్టుకోకుండానే కాన్వాస్ పేజీలను వాటంతటవే తాజా చేసుకుంటూ అలాంటి నమోదులు సృష్టించగలవని బయటపడ్డాక, ఆ ఆరోపణలన్నీ ఉపసంహరించుకుని డీన్ క్షమాపణ చెప్పారు. కనుక పరీక్షకు ముందు ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ కాన్వాస్ నుంచి లాగవుట్ అవ్వు. పరీక్ష మధ్యలో నెట్ తెగినా, స్క్రీన్ ఆగిపోయినా, వెంటనే ప్రొఫెసర్‌కు ఏ సమయానికి ఏం జరిగిందో రాసి పంపు. ఆరోపణ వచ్చాక చెప్పిన వివరణ కన్నా ఆ నిమిషంలో వెళ్లిన మెయిల్‌కే నాలాంటివాళ్లం విలువ ఇస్తాం. ఆరోపణ అంటూ వస్తే భయపడి అంగీకార పత్రం మీద సంతకం చేయవద్దు, ముందు ఆధారాలు చూపించమని అడుగు, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి మాట్లాడు.

మా ప్రొఫెసర్లతో నేను ఎప్పుడూ వాదించేది ఒకటే: పుస్తకం తెరిచి పెట్టుకున్నా ఆలోచిస్తే తప్ప జవాబు రాని ప్రశ్నలు ఇస్తే, పడకగదిలోకి తొంగిచూడవలసిన అవసరం ఉండదు. కొందరు వింటున్నారు. నీ ప్రొఫెసర్ కూడా వినే మనిషి కావచ్చు, మెయిల్ మాత్రం ఈ వారంలోనే పంపు. మిడ్‌టర్మ్‌లు దగ్గరపడితే టెస్టింగ్ సెంటర్‌లో సీట్లు దొరకవు.