జీటీ86కి 18×9.5 +38 వీల్స్ పడతాయా, లేక 17 అంగుళాల్లోనే ఉండాలా?

కొండదారి86:
అందరికీ నమస్తే. నాది 2013 టొయోటా జీటీ86. సస్పెన్షన్ అంతా కంపెనీదే, ఎత్తు తగ్గించలేదు. కంపెనీ వీల్స్ 17×7 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు), ఆఫ్‌సెట్ +48, టైర్లు 215/45ఆర్17 (వెడల్పు మి.మీ.లో, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, రిమ్ అంగుళాలు). టైర్లు అరిగిపోయాయి, ఎలాగూ కొత్తవి వేయించాలి కాబట్టి ఇదే ఊపులో అలాయ్స్ కూడా మార్చేద్దామనుకుంటున్నాను. బాగా నచ్చిన సెట్ ఒకటి దొరికింది, 18×9.5 +38, పీసీడీ 5×100 (100 మి.మీ. వలయం మీద 5 బోల్టు రంధ్రాలు). అమ్మే అతను 225/40ఆర్18 టైర్లు వేస్తే ఎక్కడా తగలకుండా కూర్చుంటాయని గట్టిగా చెప్తున్నాడు. ఫోటోల్లో చూస్తే వీల్ సరిగ్గా ఫెండర్ అంచు దాకా వచ్చి కారు చాలా నిండుగా కనిపిస్తోంది, అందుకే మనసు లాగుతోంది. రోజూ ఆఫీసుకి ఇదే కారు, సెలవు రోజుల్లో ఘాట్ రోడ్లు, వీలైనప్పుడు ట్రాక్ డే. ఫెండర్ అంచులు లోపలికి మడిపించడం మాత్రం నాకు ఇష్టం లేదు. తీసుకోవచ్చంటారా?

ఆఫ్‌సెట్ లెక్కలు:
బ్రో, డబ్బు కట్టే ముందు ఈ లెక్క ఒక్కసారి చూడు. ఆఫ్‌సెట్ అంటే వీల్ వెడల్పుకి సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్‌కి (కారు వైపు చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరం, మిల్లీమీటర్లలో. నీ కంపెనీ వీల్ 7 అంగుళాలు, అంటే 177.8 మి.మీ., సగం 88.9. హబ్ ముఖం నుంచి లోపలికి 88.9 + 48 = 136.9, బయటికి 88.9 − 48 = 40.9. ఇప్పుడు నువ్వు చూస్తున్న 9.5 అంగుళాల వీల్‌లో సగం 120.65. లోపలికి 158.65, బయటికి 82.65. అంటే రిమ్ లోపలి అంచు స్ట్రట్ (చక్రం లోపలి పక్కనుండే సస్పెన్షన్ స్తంభం) వైపు దాదాపు 22 మి.మీ. జరుగుతుంది, బయటి అంచు ఏకంగా 42 మి.మీ. ఫెండర్ వైపు వస్తుంది. ఎత్తు తగ్గించని, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) మార్చని కారుకి, అందులోనూ ఫెండర్ ముట్టుకోనంటున్నావు కాబట్టి, ఇది నీ కారుకి పనికొచ్చే సైజు కాదు. అలాంటి ఫోటోల్లోని కార్లు చాలావరకు కాయిల్‌ఓవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్) వేసి, ముందు చక్రాల పైభాగం లోపలికి వాలేలా నెగెటివ్ క్యాంబర్ బాగా పెట్టి, ఫెండర్ లోపలి మడత చదును చేసినవే. ఆగి ఉన్న కారు ఫోటోలో ఆ పనులేవీ కనపడవు.

ఇంకోటి, 225/40ఆర్18 టైరుకి తయారీదార్లు ఇచ్చే రిమ్ వెడల్పు మామూలుగా 7.5 నుంచి 9 అంగుళాల వరకే. 9.5 మీద వేస్తే టైరు పక్కగోడ ఏటవాలుగా సాగి, రిమ్ అంచు టైరు కంటే బయటికి పొడుచుకొస్తుంది. చిన్న గుంత తగిలినా మొదటి దెబ్బ రిమ్‌కే. గాలి కాస్త తగ్గిన టైరుతో ట్రాక్ మీద గట్టిగా తిప్పితే టైరు బీడ్ (రిమ్‌ని పట్టుకునే అంచు) రిమ్ మీద నుంచి జారే ప్రమాదం కూడా ఉంది. చూడ్డానికి బాగుంటుందని ట్రాక్‌కి వెళ్ళే కారుకి ఇలా సాగదీసి వేయడం నేను అస్సలు ఒప్పుకోను.

తేలికే ముద్దు:
పై లెక్క కరెక్ట్. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. ఈ కారుకి 200 హార్స్‌పవర్, బరువు 1,200 కిలోల పైచిలుకు. 2012లో వచ్చినప్పుడు దీనికి మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వేసి ఇచ్చారు, అవి పట్టు కోసం చేసిన స్పోర్ట్స్ టైర్లు కావు. మరీ స్పీడ్ లేకుండానే వెనక చక్రాలు కాస్త జారుతూ, జారేది ముందుగానే తెలుస్తూ ఉండడమే ఈ కారు సరదా. దాని మీద 18×9.5 వేస్తే పట్టు కంటే ముందు బరువు వస్తుంది, ఆ బరువు కూడా ఇంజిన్ తిప్పాల్సిన, బ్రేకులు ఆపాల్సిన, డ్యాంపర్లు అదుపులో పెట్టాల్సిన చోట వస్తుంది. చక్రం సైజు పెరిగేకొద్దీ రిమ్ బరువు మధ్య నుంచి దూరంగా జరుగుతుంది, అదే బరువైనా తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి.

ఎత్తు సంగతి కూడా చూడండి. 215/45ఆర్17 మొత్తం వ్యాసం 625 మి.మీ., 225/40ఆర్18ది 637, అంటే దాదాపు 1.9 శాతం ఎక్కువ. వినడానికి చిన్నదే, కానీ గేర్లన్నీ ఆ మేరకు పొడవైనట్టే లెక్క. ఈ ఇంజిన్‌కి 4,000 ఆర్‌పీఎమ్ చుట్టుపక్కల టార్క్ (తిప్పే బలం) పడిపోతుందని నడిపేవాళ్ళందరికీ తెలుసు. ఘాట్ రోడ్డులో మలుపు దాటి రెండో గేర్‌లో ఎక్కేటప్పుడు అక్కడే ఇంకాస్త సేపు ఇరుక్కుంటారు. స్పీడోమీటర్ 100 చూపించినప్పుడు బండి ఇప్పటికంటే దాదాపు 2 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది, అది అంత పెద్ద సమస్య కాదు.

నన్నడిగితే ముందు మంచి స్పోర్ట్స్ టైర్లు కంపెనీ వీల్స్ మీదే 215/45ఆర్17 వేయించి ఒక సీజన్ నడపండి. టైరు రబ్బరు మారితే వచ్చే తేడా ముందు వీల్ మారితే వచ్చేది చాలా తక్కువ. వీల్స్ తప్పకుండా మార్చాలంటే 17×8 +45, దాని మీద 225/45ఆర్17. లోపలికి 10 మి.మీ. లోపే జరుగుతుంది, బయటికి 16 మి.మీ. వస్తుంది. కంపెనీ సస్పెన్షన్‌తో, ఫెండర్ ముట్టుకోకుండా హాయిగా పడుతుంది. వ్యాసం 634 మి.మీ., తేడా 1.4 శాతమే.

పద్దెనిమిది:
17 తప్ప వేరే దారి లేదన్నట్టు చెప్పకండి అన్నా. 2021లో వచ్చిన జీఆర్86 పై వేరియంట్లకి కంపెనీయే 18×7.5 +48 వీల్స్, 215/40ఆర్18 టైర్లు ఇచ్చింది, అది కూడా ఇదే జాతి కారు, పీసీడీ కూడా అదే 5×100, పెద్ద తేడా ఇంజిన్ 2.4 లీటర్లు కావడమే. ఆ సైజు వ్యాసం 629 మి.మీ., అంటే పాత 17 కంటే ఒక శాతం కూడా పెరగదు. పక్కగోడ పొట్టిగా ఉంటే స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం వెంటనే కదులుతుంది, నాకు అది చాలా ఇష్టం. గుంతల రోడ్డు మీద నడుం మీద పడే దెబ్బ కూడా నిజమే, దాన్ని దాచను. 18 మీదే మోజు ఉంటే 18×8 లేదా 8.5, ఆఫ్‌సెట్ 45 దగ్గర చూడు తమ్ముడూ, 8.5 +45 అయితే బయటికి 22 మి.మీ., లోపలికి 16 మి.మీ. వస్తుంది, ఆ లోపలి 16నే కొలిచి చూసుకోవాలి. కొనేటప్పుడు ఒక్కో వీల్ బరువు అడుగు. పోత పోసిన చవక 18 కంటే ఫ్లో ఫార్మింగ్‌లో (పోత వీల్‌ని తిప్పుతూ రోలర్లతో నొక్కి) చేసిన 18 చాలా తేలిక, ఫోర్జ్‌డ్ (పోత కాకుండా గట్టిగా నొక్కి చేసినది) అయితే ఇంకా తేలిక. బరువు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకు. జేడబ్ల్యూఎల్ ముద్ర ఉందో లేదో కూడా వీల్ మీద వెతుకు, అది జపాన్ అలాయ్ వీల్స్ ప్రమాణం.

కొండదారి86:
అందరికీ థ్యాంక్స్, లెక్క చూశాక 9.5 ఆలోచన వదిలేశాను. అమ్మే అతనికి ఇదే చెప్తే, లోపల స్ట్రట్‌కి తగిలితే 5 మి.మీ. స్పేసర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే బిళ్ళ) వేస్తే సరిపోతుంది అన్నాడు. అది నిజమేనా? 17×8 అయినా 18×8.5 అయినా, కొనకముందే నా కారు మీద ఎంత ఖాళీ ఉందో సొంతంగా ఎలా కొలవాలి?

ఆఫ్‌సెట్ లెక్కలు:
స్పేసర్ వేస్తే లోపల 5 వస్తుంది, కానీ అదే 5 బయట పోతుంది. +38 కాస్తా +33 అవుతుంది, ఫెండర్ దగ్గర ముందే లేని చోటు ఇంకా తగ్గుతుంది. పైగా ఆఫ్‌సెట్ తగ్గేకొద్దీ టైరు నేలకి ఆనే చోటు స్టీరింగ్ తిరిగే గీత నుంచి బయటికి జరుగుతుంది, గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో లాగుతుంది. కంపెనీ ఆఫ్‌సెట్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

కొలవడం ఇలా. ముందు కారుని చదునైన చోట ఆపి, ఫెండర్ అంచు నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీసి, ఆ దారానికీ ఇప్పటి టైరు పక్కగోడకీ మధ్య ఎంత ఉందో రాసుకో. బయట ఎంత మిగులుందో దీంతో తెలుస్తుంది. తర్వాత వీల్ తీయకుండానే, స్టీరింగ్ ఒక పక్కకి తిప్పి, టైరు లోపలి పక్కగోడకీ స్ట్రట్ స్ప్రింగ్ కప్పుకీ మధ్య మెత్తటి మైనం ముద్ద ఒకటి పెట్టి నొక్కు, తీసి స్కేలుతో మందం చూడు. అక్కడే ముందు వీల్స్‌కి ఇరుకు ఎక్కువ. ఆ మందం నుంచి కొత్త వీల్ లోపలికి జరిగే దూరం తీసేస్తే మిగిలేది కనీసం 5 మి.మీ. ఉండాలి. ఎందుకంటే 225 అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకే వెడల్పు ఉండవు, ఒక బ్రాండ్ 225 ఇంకో బ్రాండ్ 235 అంత ఉంటుంది. అసలు ఆ కొలత కూడా ఒక నిర్ణీత రిమ్ మీద తీసిందే, రిమ్ అర అంగుళం పెరిగితే టైరు కూడా దాదాపు 5 మి.మీ. వెడల్పు అవుతుంది.

బ్రేక్ క్యాలిపర్ సంగతి వేరు, అది వెడల్పుతో కాదు స్పోకుల వంపుతో తేలేది. తయారీదారు దగ్గర క్యాలిపర్ నమూనా కాగితం ఉంటే తీసుకుని అట్ట మీద కత్తిరించి పెట్టి చూడు, కనీసం 3 మి.మీ. ఖాళీ చాలు. టైర్లు వేయించకముందు ఒక్క ఉత్త వీల్ బిగించి చేత్తో తిప్పి చూడమని షాపు వాళ్ళని గట్టిగా అడుగు. టైరు ఎక్కించాక వాపసు తీసుకోరు.

తేలికే ముద్దు:
ఒకటి మర్చిపోతున్నారు. ఈ కారు హబ్ వ్యాసం 56.1 మి.మీ., బయట దొరికే వీల్స్ మధ్య రంధ్రం చాలాసార్లు 73.1 ఉంటుంది. మధ్యలో సరైన హబ్ రింగ్ లేకపోతే నట్లు బిగించేటప్పుడు వీల్ కాస్త పక్కకి కూర్చుని, 90, 100 స్పీడ్‌లో స్టీరింగ్ వణుకుతుంది, జనం బ్యాలెన్సింగ్ పదే పదే చేయించి విసిగిపోతుంటారు. నట్ల థ్రెడ్ ఎం12×1.25, కొత్త వీల్ రంధ్రం అంచు ఏ ఆకారంలో ఉందో దానికి సరిపోయే నట్లే వేయాలి. టైరు లోడ్ ఇండెక్స్ కంపెనీ చెప్పిన 87 కంటే తగ్గకూడదు, అంటే టైరుకి 545 కిలోలు. 225/45ఆర్17లో 91 మామూలుగానే దొరుకుతుంది, అంటే 615 కిలోలు.

కొండదారి86:
ఆఖరికి 17×8 +45, 225/45ఆర్17 అనుకుంటున్నాను. ముందు, వెనక ఒకే సైజు పెట్టొచ్చా? వెనక్కి 245 వేస్తే రియర్ వీల్ డ్రైవ్‌కి మంచిదని ఒకతను చెప్పాడు.

పద్దెనిమిది:
ఒకే సైజు పెట్టు తమ్ముడూ. ఈ పవర్‌కి వెనక వెడల్పు ఎక్కువ అక్కర్లేదు, వేస్తే మలుపులో ముందు భాగం బయటికి నెట్టేస్తూ కారు మొద్దుబారుతుంది. నాలుగూ ఒకటే అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ టైర్లన్నీ సమానంగా అరగదీయొచ్చు. వేయించాక వంద కిలోమీటర్లు తిరిగి నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ ఒకసారి చూడు, అలైన్‌మెంట్ కూడా అప్పుడే చేయించు.