1968లో దక్షిణాఫ్రికా లిబరల్ పార్టీ మూతపడటం సరైన పనేనా?

పాలేరుగట్టు:
1953లో పుట్టిన ఈ చిన్న పార్టీ సంగతి మన దగ్గర ఎవరూ ఎత్తరు. మొదటి అధ్యక్షురాలు మార్గరెట్ బాలింజర్. తర్వాత రచయిత అలన్ పేటన్ నడిపారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, భారతీయులు అందరూ సభ్యులే. 1968లో వేర్వేరు జాతులవాళ్లు ఒకే పార్టీలో ఉండటం నేరమని ప్రభుత్వం చట్టం చేసింది. లిబరల్ పార్టీ తనను తాను రద్దు చేసుకుంది. వర్ణవివక్షను వ్యతిరేకించిన మరో పార్టీ, ప్రోగ్రెసివ్ పార్టీ మాత్రం ఆ చట్టానికి నిరసన చెబుతూనే తెల్లవాళ్ల పార్టీగా కొనసాగింది.

నా దృష్టిలో మూసెయ్యడం పొరపాటు. 1961 నుంచి 1974 దాకా పార్లమెంటులో ప్రోగ్రెసివ్‌ల తరఫున ఉన్నది హెలెన్ సుజ్మన్ ఒక్కరే. విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే చట్టానికి 1963లో వ్యతిరేకంగా పడిన ఒకే ఒక్క ఓటు ఆమెది. 1967లో రాజకీయ ఖైదీలను ఉంచిన రాబెన్ దీవి జైలుకు వెళ్లి మండేలాను కలిశారు. ఆ సీటు లేకపోతే ఆ ఖైదీల గోడు ఎవరు వినేవారు?

ఎర్రమన్ను:
సుజ్మన్ గారు చేసిన మేలు నేను కాదనను. కానీ లిబరల్స్ కొనసాగాలంటే ఏం చెయ్యాలి? ఎలియట్ ఎంగాది లాంటి నల్లజాతి సభ్యులను పిలిచి "రేపటి నుంచి మీరు రావద్దు" అనాలి. నాటాల్ రాష్ట్రం ఉత్తర భాగంలో, తెల్లవాళ్లకని కేటాయించిన ప్రాంతాల నడుమ నల్లవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్న భూములకు 'బ్లాక్ స్పాట్' అని పేరుపెట్టి ఖాళీ చేయిస్తుంటే, ఊరూరా తిరిగి భూయజమానులను కూడగట్టిన మనిషి ఆయన. ఆయన సొంత ఊరు రూస్‌బూమ్‌కూ అదే ముప్పు. అలాంటి మనిషిని గెంటేశాక ఇంక ఆ పార్టీ ఎవరి కోసం?

ఇంకోటి. ప్రోగ్రెసివ్‌లు అప్పట్లో చదువో ఆస్తో ఉన్నవాళ్లకే ఓటు అనేవారు. లిబరల్స్ మొదట్లో అలాగే అన్నా, 1960 నాటికి వయోజనులందరికీ ఓటు అన్నారు. ఆ మాట అన్న పార్టీ తెల్లవాళ్లతో మాత్రమే ఎలా నడుస్తుంది?

నిదానం:
ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. 1968కి ముందే పార్టీ నడుం విరిగింది. జాతీయ ఛైర్మన్ పీటర్ బ్రౌన్‌పై 1964లో నిషేధపు ఉత్తర్వు వచ్చింది. సభలకు వెళ్లకూడదు, ఆయన మాట పత్రికల్లో రాకూడదు. అలా పదేళ్లు. అదే ఏడాది జులైలో పార్టీ సభ్యుడు జాన్ హారిస్ జోహన్నెస్‌బర్గ్ రైల్వే స్టేషన్‌లో బాంబు పెట్టాడు. ఒక వృద్ధురాలు చనిపోయింది. మరుసటి ఏడాది అతన్ని ఉరితీశారు. హింస వద్దని చెప్పే పార్టీకి అది ఎంత దెబ్బో ఆలోచించండి. 1968 నాటికి మూసెయ్యడానికి మిగిలింది తక్కువే.

ఎర్రమన్ను:
మిగిలింది తక్కువే, ఒప్పుకుంటా. కానీ ఆ తక్కువను కూడా రంగును బట్టి పంచుకోలేదు. నాకు ముఖ్యం అనిపించేది అదే.

పాలేరుగట్టు:
ఎంగాది గారి గురించి నాకు తెలియదు. 'పొరపాటు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా ప్రోగ్రెసివ్‌లు ఉండిపోవడం తప్పని మాత్రం ఒప్పుకోను. పార్లమెంటులో ఒక్కరైనా లేచి ప్రశ్న అడిగితే మంత్రి జవాబు చెప్పాలి, అది రికార్డులోకి ఎక్కుతుంది. నిషేధంలో ఉన్న బ్రౌన్‌కు ఆ వీలు లేదు కదా. ఇంతకీ రూస్‌బూమ్ ఏమైంది?

ఎర్రమన్ను:
1970ల మధ్యలో ఊరంతా ఖాళీ చేయించి ఎజాఖేని అనే నల్లవాళ్ల టౌన్‌షిప్‌కు తరలించారు. 1990లలో చాలా కుటుంబాలు తిరిగొచ్చి అదే నేల మీద ఇళ్లు కట్టుకున్నాయి.