పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తెలుగు పదాలను ముక్కలు చేస్తోంది, దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. ఒక పెద్ద తెలుగు ఫైలులో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే ‘ఆర్‌ఈ’ మాడ్యూల్ వాడుతున్నాను; రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే వెతకాల్సిన పాఠాన్ని వర్ణించే నమూనాలతో, పనిచేసేది ఇదే. పదాలను పట్టుకోవడానికి అందరిలాగే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, పక్కన ప్లస్ రాశాను. ‘పుస్తకం’ అనే పదం ‘ప’, ‘స’, ‘తక’ అని మూడు ముక్కలై వచ్చింది! గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అన్నీ మాయం. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఇవి అక్షరాలు కావు, అక్షరాలకు అతుక్కునే గుర్తులు. అందుకే ఈ మాడ్యూల్ వాటిని పదంలో భాగంగా లెక్కించడం లేదని తర్వాత అర్థమైంది.

ఇంతకంటే చికాకు పెట్టింది పదం హద్దును సూచించే బ్యాక్‌స్లాష్ బి. ‘కల’ కోసం వెతికితే ‘కలం’లో కూడా దొరికిందంటోంది. ‘ల’ తర్వాత సున్న రాగానే పదం అయిపోయిందని దాని ఉద్దేశం.

చివరికి చదరపు బ్రాకెట్లలో తెలుగు యూనికోడ్ పరిధి, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఇచ్చాను. ‘పుస్తకం’ చక్కగా వచ్చింది, కానీ ‘సాఫ్ట్‌వేర్’ రెండుగా చీలింది. మధ్యలో కంటికి కనిపించని 200సి అక్షరం ఉంది, అది ఆ పరిధిలోనిది కాదు. దాన్నీ బ్రాకెట్లలో చేర్చితే సరిపోతుందా, లేక ముందు ముందు మరో చిక్కు తెస్తుందా? హద్దుల కోసం ముందూ వెనకా తెలుగు అక్షరం గానీ గుర్తు గానీ లేదని చూసే షరతులు పెట్టడం సరైన పద్ధతేనా? విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ‘రెజెక్స్’ లైబ్రరీకి మారడమే మేలంటారా? తెలుగు పాఠంపై దాన్ని వాడి చూసినవారు చెబితే మరీ సంతోషం.