పాయింటర్–పూడుల్ సంకరజాతి కుక్క: విజయనగరం ఎండకు, మా ఇంటికి సరిపడుతుందా?

విజయనగరం వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న మా తోడల్లుడి స్నేహితుల ఇంట్లో జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ తల్లికి, స్టాండర్డ్ పూడుల్ తండ్రికి పుట్టిన కూనలు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మాకు ఇస్తామంటున్నారు. మాది అయ్యకోనేరుకు దగ్గరలో ఉన్న పాత ఇల్లు. వెనుక చిన్న పెరడు ఉంది కానీ, ప్రహరీగోడ నడుము ఎత్తుకు మించదు. పిల్లలిద్దరూ హైస్కూలులో చదువుతున్నారు, నేనూ నా భార్యా ఉద్యోగస్తులం, పగలంతా ఇంట్లో ఉండేది మా అమ్మగారు ఒక్కరే. ఆవిడకు ఉబ్బసం ఉంది. పక్కింటివారు నాటుకోళ్లు పెంచుతున్నారు.

ఈ కుక్కలకు వెంట్రుకలు రాలవనీ, అందువల్ల ఉబ్బసం ఉన్నవారికి ఏ ఇబ్బందీ ఉండదనీ, పూడుల్ రక్తం కలవడం వల్ల పాయింటర్‌లోని దూకుడు తగ్గి ఇంటిపట్టున ఉంటుందనీ కూనలను ఇచ్చేవారు చెబుతున్నారు. ఈ మాటల్లో ఎంతవరకు నిజముంది? మన ఉత్తరాంధ్ర ఎండలో, సముద్రపు గాలి తెచ్చే ఉక్కపోతలో దీన్ని ఎలా చూసుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అయ్యా, నేను చాలాకాలంగా పాయింటర్లను పెంచుతున్నాను కనుక ముందుగా స్వభావం సంగతి చెబుతాను. పూడుల్ కలిస్తే దూకుడు తగ్గుతుందన్న మాటకు ఆధారం లేదు. పూడుల్‌ను మనం అద్దాల గదుల్లో, రిబ్బన్లతో చూడడానికి అలవాటుపడ్డాం కానీ, అది పుట్టుకతో వేటకుక్క; నీటిలో పడిన బాతులను ఈదుకుంటూ వెళ్లి నోట కరిచి తెచ్చే పనికోసం దాన్ని పెంచారు. ఒంటిమీద కొన్నిచోట్ల నున్నగా గొరిగి, ఛాతీ మీదా కీళ్ల దగ్గరా జుట్టు వదిలిపెట్టే ఆ విచిత్రమైన క్షవరం కూడా, ఈదేటప్పుడు బరువు తగ్గాలనీ, చన్నీళ్లలో కీళ్లకు వెచ్చదనం ఉండాలనీ మొదలైనదే. ఇక జర్మన్ పాయింటర్‌ను 19వ శతాబ్దంలో జర్మనీలో తీర్చిదిద్దినప్పుడు, పక్షిని వాసనతో పసిగట్టి కదలకుండా నిలబడి చూపించడం, గాయపడిన జంతువు జాడ పట్టడం, నేలమీదనైనా నీటిలోనైనా వేటను తెచ్చి ఇవ్వడం, ఈ పనులన్నీ ఒకే కుక్క చేయాలన్నది ఆనాటి వేటగాళ్ల కోరిక. అంటే మీ కూనకు తల్లివైపునా తండ్రివైపునా పని చేసిన వంశమే. ఒకరి నుంచి కాళ్ల వేగం, మరొకరి నుంచి చురుకైన బుర్ర వచ్చినప్పుడు తయారయ్యేది నెమ్మదస్తురాలు కాదు. గేటు గడియ ఎలా తీయాలో రెండు రోజుల్లో కనిపెట్టి, ఆ తరువాత వీధి చివరిదాకా పరుగెత్తగల కుక్క.

పెద్దదయ్యాక దానికి రోజుకు గంటన్నర నుంచి రెండు గంటల వ్యాయామం కావాలి, అందులో కొంత భాగమైనా పరుగు అయి ఉండాలి. గొలుసు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లిరావడం దానికి వ్యాయామం కిందకు రాదు. మేము తెల్లవారకముందే నాగావళి ఇసుకలోకి తీసుకువెళ్తాం, ఎండ ఎక్కకముందే వెనక్కు వచ్చేస్తాం. ఏడాది, ఏడాదిన్నర వయసు వచ్చేదాకా ఎముకలు పూర్తిగా గట్టిపడవు కాబట్టి కూనను సైకిలు వెంట పరుగెత్తించడం, మేడమెట్లు పదేపదే ఎక్కించడం, ఎత్తునుంచి దూకించడం వద్దు. ఆ వయసులో దానికి కావలసింది ముక్కుకు పని. తువ్వాలు మడతల్లో దాని మేత గింజలు దాచి వెతికించడం, పిల్లలు ఒక గదిలో దాక్కుంటే వాసన పట్టి కనుక్కోమనడం వంటి ఆటలు పావుగంట ఆడిస్తే అరగంట నడకకన్నా ఎక్కువగా అలసిపోతుంది. పని లేని రోజున చెప్పులు, దిండ్లు, పెరట్లోని అరటిపిలకలు దేన్నీ మిగల్చదు. అది దాని దుర్మార్గం కాదు, మనం పని ఇవ్వకపోతే తనే వెతుక్కుంటుంది.

మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నడుమెత్తు గోడా, ఆవలి నాటుకోళ్లూ. ఆ గోడ దానికి లెక్కలోది కాదు. కనీసం ఆరడుగుల కంచె వేయించగలిగితేనే ముందుకు వెళ్లండి. పక్షి కనబడగానే నిలబడిపోవడం, తరువాత ఉరకడం దాని రక్తంలోనే ఉంటుంది, కొట్టి మాన్పించేది కాదు. పొడవాటి తాడు కట్టి, పిలిచిన ప్రతిసారీ వెనక్కు వచ్చినందుకు తినడానికి ఏదైనా ఇస్తూ నెలల తరబడి అలవాటు చేయాలి. అప్పుడు కూడా కోళ్లున్న చోట తాడు విప్పకూడదన్నదే నా అభిప్రాయం. పక్కింటివారితో తగవు వచ్చాక కుక్క ఎంత తెలివైనదో చెప్పుకుని ప్రయోజనం ఉండదు.

బొబ్బిలి చదువరి

స్వభావం గురించి పై పెద్దలు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను వెంట్రుకలు, ఉబ్బసం విషయం రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో అసలు నిర్ణయం దీనిమీదే ఆధారపడాలి.

అలర్జీ కలిగించే ప్రోటీన్లు కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో, మూత్రంలో ఉంటాయి. వెంట్రుక వాటిని మోసుకు తిరిగే వాహనం మాత్రమే. వెంట్రుక తక్కువ రాలితే ఇల్లు ఊడ్చే పని తగ్గుతుందేమో కానీ, ఆ ప్రోటీన్ లేకుండా పోదు. అలర్జీ కలిగించవని పేరుపడ్డ జాతుల వెంట్రుకల్లో ఆ ప్రోటీన్ తక్కువేమీ లేదని నెదర్లాండ్స్‌లో జరిగి 2012లో వెలువడిన పరిశీలన ఒకటి తేల్చింది. దీనికంటే పాత ఉదాహరణ లాబ్రడూడుల్‌ది. 1989లో ఆస్ట్రేలియాలో అంధులకు తోడుకుక్కలను తయారుచేసే సంస్థలో పనిచేస్తున్న వాలీ కాన్రన్, హవాయిలో ఉన్న ఒక అంధురాలికోసం లాబ్రడార్‌ను, స్టాండర్డ్ పూడుల్‌ను కలిపించారు. ఆమె భర్తకు కుక్కలంటే అలర్జీ. పుట్టిన మూడు కూనల వెంట్రుకలు, లాలాజలం నమూనాలను అక్కడికి పంపి చూస్తే, ఆయనకు పడినది ఒక్క కూన మాత్రమే. ఒకే తల్లి, ఒకే కాన్పు, అయినా ఫలితం అలా ఉంది. ఆ తరువాత ఇలాంటి సంకరాలను లెక్కాపత్రం లేకుండా పుట్టించి అమ్మడం చూసి, ఈ ధోరణికి తాను తలుపు తీసినందుకు కాన్రన్ బహిరంగంగానే విచారం వెలిబుచ్చారు. కాబట్టి “ఇబ్బంది ఉండదు” అన్న హామీని ఎవరూ ఇవ్వలేరు. అమ్మగారిని ఈ కూనల తల్లిదండ్రులున్న ఇంట్లో ఒకటి రెండు పూటలు కూర్చోబెట్టి చూడడం, అంతకంటే ముందు ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరును అడగడం తప్ప వేరే దారి లేదు.

మీకు పంపిన ఫొటోల్లో ఉంగరాల జుట్టు ఉంటే, అవి ఈ కాన్పులోవేనా అని కూడా అడగండి. తల్లిదండ్రులిద్దరూ శుద్ధజాతివైతే, మొదటి తరంలో పూడుల్ నుంచి మీసం, గడ్డం, కనుబొమల వెంట్రుకలు తప్పకుండా వస్తాయి, ఎందుకంటే ఆ లక్షణం ఒక్కవైపు నుంచి వచ్చినా పైకి కనిపిస్తుంది. పొడవాటి జుట్టు అలా కాదు. అది కనబడాలంటే ఇద్దరి నుంచీ రావాలి, పొట్టి వెంట్రుకల పాయింటర్ నుంచి అది సాధారణంగా రాదు. అందువల్ల మొదటి తరం కూనలు చాలావరకు గరుకైన, కొద్దిగా అలలు తిరిగిన మధ్యరకం బొచ్చుతో, గడ్డం పెంచిన పాయింటర్‌లా తయారవుతాయి, కొంత రాలుస్తాయి కూడా. వీటిని మళ్లీ పూడుల్‌తో కలిపినప్పుడు పుట్టే తరంలోనే ఉంగరాల బొచ్చు ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి మన ఉక్కపోతకు ఆ గరుకుబొచ్చే మేలు.

బొచ్చు ఏ రకమైనా దువ్వెన చర్మం దాకా దిగాలి. పైపైన నిగనిగలాడుతూ అడుగున అట్టకట్టిన జుట్టుతో ఉన్న డూడుల్ (పూడుల్ సంకర) కుక్కలను విశాఖపట్నం క్షౌరశాలల్లో చూస్తూనే ఉన్నాను. ముఖ్యంగా చెవుల వెనుక, చంకల కింద, మెడపట్టీ ఉండే చోట వారానికి రెండు మూడుసార్లు, ఉంగరాల బొచ్చయితే రోజూ, ఇనుపపళ్ల దువ్వెనతో విడదీయాలి. పొలాల్లో తిప్పితే ఉత్తరేణి గింజలు, పల్లేరుకాయలు పట్టుకుని వస్తాయి. కాలివేళ్ల మధ్య చిక్కుకున్న పల్లేరుకాయను ఆ పూటే తీయకపోతే మర్నాటికి కుంటుతుంది. ఉంగరాల బొచ్చును ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి కత్తిరించాలి. వేసవి కదా అని చర్మం కనబడేలా గొరిగించకండి, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

విజయనగరం వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కోళ్ల సంగతి పక్కింటి పిన్నిగారితో మాట్లాడాను. కంచె వేయిస్తే తమకు అభ్యంతరం లేదన్నారు. కాన్రన్ ఉదంతం అమ్మకు చదివి వినిపించాను. బెంగళూరు వెళ్లి రెండు రోజులు ఉండి చూద్దామని ఆవిడే అన్నారు. ఇక ఆరోగ్యం, తిండి, ఎండ జాగ్రత్తల గురించి కూడా ఎవరైనా చెబితే, కూనలను ఇచ్చేవారిని ఏమేమి అడగాలో రాసుకుని వెళ్తాను.

గరివిడి రోడ్డు

పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను కనుక మందుల పేర్లు రాయడం లేదు.

సంకరజాతికి జబ్బులు రావన్న నమ్మకం విస్తారంగా ఉంది. తల్లిదండ్రులకు వేర్వేరు జబ్బులు ఉన్నప్పుడు కొంత లాభం ఉండవచ్చు గాని, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న జబ్బును సంకరం తుడిచివేయదు. తుంటికీలు సరిగా అమరకపోవడం పాయింటర్‌కూ పూడుల్‌కూ ఉమ్మడి సమస్యే, కడుపు ఉబ్బి మెలితిరిగిపోవడం కూడా అంతే. అందువల్ల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్షల కాగితాలు చూపమని అడగండి. పూడుల్ వంశంలో చూపు క్రమంగా పోయే వ్యాధి, అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయని అడిసన్ వ్యాధి, చర్మంలోని నూనెగ్రంథుల వాపు కనిపిస్తాయి కాబట్టి తండ్రి వంశం గురించి ప్రత్యేకంగా అడగాలి. కూనకు ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని, కుక్కలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. స్నేహితులు ఊరికే ఇస్తున్నా, ఎనిమిది వారాల లెక్కను మాత్రం పాటించండి. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆ వారాల్లోనే అది ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటుంది.

కడుపు మెలితిరగడం గురించి రెండు మాటలు ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అది గంటల్లో ప్రాణం తీస్తుంది. ఛాతీ లోతుగా ఉండే కుక్కలన్నిటికీ ఆ ప్రమాదం ఉంది. తిండిని ఒకేసారి కాక రెండు మూడు పూటలుగా పెట్టాలి, తిన్నాక గంటైనా పరుగెత్తనివ్వకూడదు. పొట్ట బిగుసుకుని, వాంతి కోసం పదేపదే ఓకరిస్తూ ఏమీ రాకపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేయగలిగిన ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ సౌకర్యం మీకు దగ్గరలో ఎక్కడుందో, రాత్రివేళ ఎవరు ఉంటారో కుక్క రాకముందే కనుక్కుని పెట్టుకోండి.

మన పులుసులు, వేపుళ్లు దానికి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి, మన కూరల్లో అవి లేనివి తక్కువ. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. ఉడికిన కోడిఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. అన్నం, ఉల్లి వేయకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొద్దిగా గుమ్మడికాయ పెట్టవచ్చు. అయితే ఎదిగే కూనకు వీటితోనే కాల్షియం, భాస్వరం పాళ్లు కుదరవు, ఏడాదిన్నర దాకా పెద్దజాతి కూనల కోసం తయారుచేసిన మేతనే ప్రధానంగా నడపడం మంచిది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారుజామున, చీకటి పడ్డాక తప్ప వ్యాయామం వద్దు. కుక్క ఒంటిని చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ రొప్పు సరిగా పనిచేయదు, అందుకే మనకు 36 డిగ్రీలు కూడా ప్రమాదమే. సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే వెంటనే నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలిస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఈ ఆసక్తిగల కుక్కలతో చిక్కేమిటంటే, ఒంట్లో శక్తి అయిపోయినా ఆట ఆపవు, ఆపవలసింది మనమే.

వానాకాలంలో చెవులు, గోమార్లు (రక్తం పీల్చే పిడుదులు) ఈ రెండింటి మీద కన్నేసి ఉంచండి. వేలాడే చెవి లోపల జుట్టు, పైన ఉక్కపోత, దానికి చెరువులో ఈత తోడైతే చీము పట్టడం తేలిక. ఈదిన ప్రతిసారీ చెవిని పొడిగా తుడవాలి, వాసన వస్తే చూపించాలి. చిన్న గోమారు ఒత్తైన బొచ్చులో కంటికి కనబడదు, వేళ్లతో తడిమి వెతకాలి. అది మోసుకువచ్చే జ్వరంలో రక్తకణాలు పడిపోయి, ముక్కునుంచి రక్తం కారేదాకా ఇంట్లోవారికి తెలియని సందర్భాలు మా దగ్గరకు తరచు వస్తాయి. నెలనెలా వేసే నివారణమందు ఏదన్నది డాక్టరును అడిగి మొదటినుంచీ నడపండి. వరిమళ్ల నీళ్లలో తిరిగే కుక్క కాబట్టి పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాలతో పాటు ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించాలి. రేబిస్ టీకాను మూడు నెలల వయసులో వేయించి, ఏడాదికి మళ్లీ వేయించాలి.

టెక్కలి నుంచి

ఒక చిన్న మాట. ఈ కుక్కతో సెలవులకు ఇటువైపు వచ్చేవారు తేలినీలాపురం, తేలుకుంచి పరిసరాల్లో దాన్ని వదలకండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు పిల్లలను పెట్టుకునే ఊళ్లవి. అక్కడివారు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని కుక్కతో తరిమించినా నేరమే. ముక్కుకు పక్షి వాసన కావాలనుకుంటే, ఈకలు కట్టిన గుడ్డబంతిని దాచి వెతికించే ఆట ఉంది, దానికీ అదే ఆనందం.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

బెంగళూరు వెళ్లినప్పుడు కూనల్లో అన్నిటికంటే ముందు పరుగెత్తుకొచ్చి మీ చెప్పు లాగేదాన్ని తెచ్చుకోకండి, పిల్లలు తప్పకుండా దాన్నే అడుగుతారు. కొంచెం ఆగి చూసి, తరువాత దగ్గరకు వచ్చి, మీరు చేతిలోకి తీసుకుంటే కాసేపటికి కుదుటపడేది మీ ఇంటికి నయం. పగలు అమ్మగారు ఒక్కరే ఉంటారన్నారు కాబట్టి, పొద్దుటి పరుగు బాధ్యత మీ ఇద్దరిలో ఎవరిదో, వానరోజున ఎవరిదో కూడా ముందే తేల్చుకుని బయలుదేరండి.